పాత ఫొటోల వెనుక పేర్లు రాయడం: నా అనుభవం

జార్జి టౌన్‌లో, గోవిందప్ప నాయకన్ వీధికి దగ్గరలో ఉన్న మా తాతయ్యగారి ఇంటిని అమ్మేయాలని పెద్దలు నిర్ణయించినప్పుడు, ఇత్తడి గుండిగలు ఎవరికి, పందిరిమంచం ఎవరికి అని చాలా చర్చలు జరిగాయి గాని, అటక మీది రేకుపెట్టెను మాత్రం ఎవరూ అడగలేదు. నాలుగు వందలకు పైగా ఫొటోలు, కాగితపు కవర్లలో చుట్టలు చుట్టుకుపోయిన నెగటివులు, అద్దం పగిలిన పటాలు కొన్ని అందులో ఉన్నాయి. దాన్ని నేను పెరంబూరులోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఫొటోలను శుభ్రం చేసి, అందులో ఉన్నది ఎవరో కనుక్కొని, అవి ఏ కాలానివో తేల్చి, స్కాన్ చేసి, వెనుక పేర్లు రాసి భద్రపరచడానికి ఏడాదికి పైగా పట్టింది.

పెట్టె తెరవగానే స్కానర్ ముందు కూర్చోవాలనిపించడం సహజమే గాని, మొదటి పని అది కాదు. చెన్నై తేమకు ఫొటో మీద చిత్రాన్ని పట్టి ఉంచే జిలాటిన్ పొర మెత్తబడి పక్క ఫొటోకు అంటుకుపోతుంది. పటం కట్టించినదైతే అద్దానికే అంటుకుపోతుంది. గంజిజిగురూ జిలాటినూ రెండూ రామబాణపు పురుగులకు ఇష్టమైన ఆహారం కాబట్టి, అట్టకు అంటించిన ఫొటోల అంచులు చాలావరకు కొరికి ఉన్నాయి. నేను వాటిని ఎండలో కాకుండా నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట పరిచి ఆరనిచ్చి, మెత్తని కుంచెతో దుమ్ము మాత్రం దులిపాను. తడిగుడ్డ ముట్టించలేదు. అద్దానికి అంటుకున్న వాటిని ఊడదీసే ప్రయత్నం చేయకుండా, అద్దంతో సహా నిలబెట్టి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా దీపాలు పెట్టి కెమెరాతో ఫొటో తీశాను. బలవంతంగా లాగితే ముఖం అద్దం మీద, అట్ట చేతిలో మిగులుతాయి. నెగటివుల కవర్లు కొన్ని తెరిచినప్పుడు ఘాటైన వెనిగర్ వాసన వచ్చింది. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము శిథిలమవుతున్నప్పుడు వచ్చే వాసన అది. పక్కనున్న మంచి ఫిల్ములకు కూడా ఆ ఆవిరి చేటు చేస్తుంది కాబట్టి వాటిని వెంటనే వేరు చేసి పెట్టాను.

ఆ తరువాత కూడా స్కానర్ దగ్గరకు పోలేదు. మా పెద్దమేనత్తకు ఎనభై దాటింది, ఆవిడ జ్ఞాపకం ఇప్పటికీ చురుకుగా ఉంది. ఫొటో ఇంకో పదేళ్ళు ఆగగలదు గాని, ఫొటోలోని మనిషి పేరు అన్నాళ్ళు ఆగుతుందన్న నమ్మకం లేదు. అందుకని ముందు ప్రతి ఫొటోనూ ఫోనుతో తీసి, ట్యాబ్లెట్‌లోకి ఎక్కించుకొని, మైలాపూరులోని ఆవిడ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి చిన్న ఫొటో చేతికివ్వడం కంటే తెర మీద పెద్దది చేసి చూపించడమే సుఖంగా ఉంది. ఆవిడ అనుమతితో మాటలన్నీ రికార్డు చేసుకున్నాను. “ఇదెవరు అత్తయ్యా?” అని అడిగితే ఒక్క పేరు వచ్చి ఆగిపోయేది. “ఈ బల్ల ఎవరింట్లోది?”, “ఈ రోజు ఎవరు వంట చేశారు?” అని అడిగితే మాత్రం మాట వెంట మాట సాగేది. మా చిన్నమేనత్త కూడా వచ్చి కూర్చున్న రోజుల్లో ఇద్దరికీ వాదన వచ్చేది. అటువంటి రోజులే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చాయి. ఇద్దరూ ఒప్పుకోని చోట నేను తీర్పు చెప్పకుండా రెండు మాటలూ రాసుకున్నాను.

మద్రాసుకు ఫొటోగ్రఫీ కొత్తగా వచ్చినదేమీ కాదు. ఇక్కడి ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1857 నాటిది; లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ప్రెసిడెన్సీ తరఫున గుళ్ళూ కోటలూ ఫొటోలు తీసినది కూడా ఆ రోజుల్లోనే. అయితే ఆండర్సన్ వీధిలో కాగితాల వ్యాపారం చేసుకునే మా తాతయ్యవంటి వారి ఇళ్ళకు అది చేరడానికి చాలా కాలం పట్టింది. మౌంట్ రోడ్డులోని క్లైన్ అండ్ పెయిర్ల్ వంటి పెద్ద స్టూడియోల పేరున్న అట్ట మా పెట్టెలో ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ నడిచి వెళ్ళగలిగే దూరంలోని చిన్న స్టూడియోలవి, వాటిలో సగానికి పేరు కూడా లేదు.

స్టూడియో ఫొటోలను వరుసగా పరిస్తే మొదట విసుగు కలుగుతుంది. అదే రంగుల పరదా, అదే చెక్క స్తంభం, అదే పేము కుర్చీ, అదే పూలకుండీ. ఒక ఫొటోలో తాతయ్య చేతికి గడియారం, పక్కన బల్ల మీద రేడియో ఉంటే, వాటిని చూసి మా ఇంట్లో మొదటి రేడియో ఆ కాలానికే వచ్చిందని నేను అనుకున్నాను. పెద్దమేనత్త నవ్వి, “రేడియో స్టూడియో వాడిది, గడియారం పక్కింటి మామయ్యది, కోటు మాత్రం మనదే” అన్నారు. ఆ మాట తరువాత స్టూడియో ఫొటోలను చూసే తీరు మారింది. వాటిలో కనిపించేది ఆ మనుషులు బతికిన తీరు కాదు, తాము ఎలా కనిపించాలని కోరుకున్నారో ఆ తీరు. బతికిన తీరు కావాలంటే ఫొటోగ్రాఫరు పట్టించుకోని చోటు చూడాలి: చెప్పులు విప్పిన మూల, పరదా మడత చివర, పాప జారిపోకుండా వెనుక నుంచి పట్టుకున్న చేయి. నేను పేర్లతో పాటు ఆ మూలల్లో ఉన్నవాటిని కూడా రాసుకోవడం అప్పటి నుంచే మొదలయింది.

ఈ విషయంలో పెట్టె మొత్తానికీ విలువైనది మా పెద్దమేనత్త పూలజడ ఫొటో. మద్రాసు తెలుగు ఇళ్ళలోనూ తమిళుల ఇళ్ళలోనూ వేసవిలో మల్లెలు వచ్చే కాలానికి ఆడపిల్లకు పూలజడ కుట్టించి స్టూడియోకు తీసుకెళ్ళి ఫొటో పట్టించడం ఒక చిన్న పండగే. జడ వెనుక ఉంటుంది, ముఖం ముందు ఉంటుంది. రెండూ ఒకే ఫొటోలో పడటానికి పిల్ల వెనుక నిలువుటద్దం పెట్టేవారు. ఫ్లవర్ బజారు నుంచి తెల్లవారకముందే మొగ్గలు తెచ్చి, అరటి దొప్ప మీద వరుసలుగా కుట్టి, దాన్ని జడకు బిగించి కట్టేవారట. తల లాగేస్తున్నా ఏడవకూడదు, కాటుక చెరిగిపోతుంది. మొగ్గలు విచ్చుకుంటే వరుస చెదిరిపోతుంది కాబట్టి మధ్యాహ్నం లోపలే స్టూడియోకు చేరాలి. ఇదంతా ఆవిడ చెబుతూ ఉండగా నేను అద్దం భాగాన్ని పెద్దది చేశాను. జడ పక్కన, అద్దం అంచున, సగం మాత్రమే కనిపిస్తున్న ఒక స్త్రీ ఉంది. చంకలో పిల్లవాడు, భుజం మీద తువ్వాలు, నోరు కొంచెం తెరిచి ఏదో చెబుతున్నట్టు ఉంది.

“ఒరేయ్, అది మీ నాయనమ్మరా! ఫొటోలో పడతావు, పక్కకు జరగమ్మా అని వాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేను నవ్వడం లేదని నన్ను కోప్పడుతోంది” అన్నారు ఆవిడ. మా నాయనమ్మ ఫొటోలు పెట్టెలో ఇంకా ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఆవిడ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని నిటారుగా కూర్చొని ఉంటారు. పని మధ్యలో, మాట మధ్యలో ఉన్న నాయనమ్మ దొరికింది మాత్రం ఈ అద్దంలోనే.

కాలం నిర్ణయించే పని ఇంకొక రకమైనది. దానికి ఫొటో ముందు భాగం కంటే వెనుక భాగమే ఎక్కువ అక్కరకు వచ్చింది. స్టూడియో ముద్రలో “మద్రాసు–1” అనో “మద్రాసు–17” అనో మాత్రమే ఉంటే అది చాలావరకు పిన్‌కోడ్ రాకముందుది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలయింది, ఆ పాత సంఖ్యలే 600001, 600017గా మారాయి. కాగితం వెనుక ఆగ్ఫా–గెవర్ట్ అని కలిపి ఉంటే, ఆ రెండు ఫొటో సామగ్రి సంస్థలూ 1964లో కలిసినవి కాబట్టి, అంతకు ముందుది కాదు. “ఇందు” అని ఉంటే ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వారి కాగితం. 1960లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ సరుకు అరవైల చివర నుంచే బజారులోకి వచ్చింది. ఈ కాగితపు ముద్రలు అప్పటికి ముందు కాదు అని మాత్రమే చెబుతాయి. పాత కాగితాన్ని స్టూడియోలు ఏళ్ళ తరబడి వాడుకునేవి కాబట్టి, ఒక్క ఆధారంతో సంవత్సరం రాసేయకూడదు.

మెరీనాలో తీసిన ఒక చదరపు ఫొటో విషయంలో ఆధారాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. గాంధీ విగ్రహం ముందు మా నాన్న తోబుట్టువులందరూ నిలబడి ఉన్నారు. ఆ విగ్రహం 1959లో వెలసింది. కెమెరా దక్షిణం వైపు చూస్తోంది, అయినా శాంతోం వైపు లైట్‌హౌస్ లేదు. అది 1977లో ప్రారంభమయింది. వెనుక ఆగ్ఫా–గెవర్ట్ ముద్ర ఉంది. చదరపు ఆకారాన్ని బట్టి అది ఆగ్ఫా క్లిక్–3 కెమెరాతో తీసినది కావచ్చు. బరోడాలో తయారై, మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటు ధరలో దొరికిన ఆ కెమెరా 120 అనే సైజు ఫిల్ము రోలుకు పన్నెండు ఫొటోలు ఇచ్చేది. ఇక చిన్నమేనత్త చేతిలో ఉన్న పాప వయసు తెలుసు కాబట్టి 1966 గాని 1967 గాని అని ఒప్పందానికి వచ్చాం. ప్యారిస్ కార్నర్ దగ్గర తాతయ్య గొడుగుతో నిలబడిన ఫొటోకు ఇంత శ్రమ అక్కరలేకపోయింది. వెనుక ట్రాము ఉంది. మద్రాసులో ట్రాములు 1953 ఏప్రిల్ 12తో ఆగిపోయాయి.

అదే 1953 మా కుటుంబాన్ని రెండుగా చీల్చిన సంవత్సరం కూడా. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు పోయినప్పుడు, సచివాలయంలో గుమాస్తాగా ఉన్న మా చిన్నతాత సంసారంతో సహా అక్కడికి వెళ్ళిపోయారు. పెట్టెలో అన్నిటికంటే పెద్ద ఫొటో ఆయన శాఖవారు దిగిన వీడ్కోలు గ్రూపు ఫొటో. తెలుగువారూ తమిళులూ కలిసి నాలుగు వరుసలు. ముందు వరుసలో కుర్చీల మీద అధికారులు మెడలో దండలతో, వెనుక గుమాస్తాలు, అన్నిటికంటే పైన బల్ల మీద డవాలా బంట్రోతులు. అట్ట మీద కూర్చున్నవారి పేర్లు హోదాలతో సహా అచ్చయి ఉన్నాయి; నిలబడ్డవారిలో గుమాస్తాలకు ఇంటిపేరు పొడి అక్షరాలతో పేర్లు ఉన్నాయి; బంట్రోతులకు ఏమీ లేదు. వారిలో ఒకరు మా చిన్నతాత పిల్లలను బడికి దింపేవారని పెద్దమేనత్తకు గుర్తుంది గాని, పేరు గుర్తు రాలేదు. నా వివరాల్లో ఆయన్ను “పై వరుసలో ఎడమ నుంచి మూడవవారు, పిల్లలను బడికి దింపేవారు” అని రాశాను. అచ్చు అట్ట చెప్పినదాని కంటే ఇది కొంచెం నయమని నా అభిప్రాయం.

ఆ తరువాతి ఫొటోలు కర్నూలు నుంచి పోస్టులో వచ్చినవి. కొత్త రాజధానిలో కార్యాలయాలు గుడారాల్లో నడిచిన రోజులు అవి. ఒక ఫొటోలో చిన్నతాత గుడారం ముందు టేబులు వేసుకొని, ఫైళ్ళ మీద గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టుకొని కూర్చున్నారు. మద్రాసు ఫొటోల్లో ఎప్పుడూ కనిపించే కోటు ఇందులో లేదు. ఆ ఎండకు కోటు ఎవరు వేసుకుంటారు!

ఇంటి ఫొటోలు వచ్చేసరికి నేను ఊహించని ఒక లోపం కనిపించింది. చిన్న కెమెరాలకు ఎండ వెలుతురు తప్పనిసరి. ఇంట్లో ఫ్లాష్ ఎవరి దగ్గరా లేదు. అందుచేత ఇంటి ఫొటోలన్నీ నడిమి వాకిట్లోనో, మేడ మీదనో, వీధి అరుగు మీదనో తీసినవే. మా ఇంటి ఆడవాళ్ళు రోజులో ఎక్కువ భాగం గడిపిన వంటిల్లు ఒక్క ఫొటోలో కూడా లేదు. పొగచూరిన గోడ, కట్టెల పొయ్యి పక్కన బొగ్గుల కుంపటి, తరువాత వచ్చిన కిరోసిన్ స్టవ్వు, మడినీళ్ళ బిందె ఎక్కడ ఉండేదో, ఇవన్నీ మేనత్తల మాటల్లోనే మిగిలాయి. అందుకని చిన్నమేనత్త చేత వంటింటి నమూనా ఒక కాగితం మీద గీయించి, దాన్ని కూడా ఫొటోలతో పాటు స్కాన్ చేసి పెట్టాను. నన్నడిగితే ఇటువంటి పెట్టె సర్దేవారందరూ చేయవలసిన పని ఇది: ఫొటోలో ఉన్నదాన్ని రాసుకున్నట్టే, ఫొటోకు ఎక్కనిదాన్ని కూడా అడిగి రాసుకోవాలి.

వంటింటి పని ఎండకు వచ్చినప్పుడు మాత్రం కెమెరాకు చిక్కింది. మేడ మీద పాత పంచె పరిచి వడియాలు పెడుతున్న ఫొటోలు చాలా ఉన్నాయి. కాకులను బెదిరించడానికి కర్రకు కట్టిన నల్లగొడుగు, కాపలాకు కూర్చోబెట్టిన పిల్లవాడు, అతని చేతిలో కథల పుస్తకం, పంచె చాలని చోట పరిచిన ఆంధ్రపత్రిక కనిపిస్తాయి. నెగటివును స్కాన్ చేస్తే పత్రిక పేరు స్పష్టంగా చదవగలిగాను. తేదీ మీదనే వడియం ఉంది. వెనుక ఇళ్ళ మీద టీవీ యాంటెన్నాలు లేవు కాబట్టి అది దూరదర్శన్ మద్రాసుకు వచ్చిన 1975కు ముందుదై ఉండాలి. రేడియో కోసం రెండు వెదురు గడల మధ్య కట్టిన ఏరియల్ తీగ మాత్రం ఉంది.

ఇక స్కానింగు. అట్టకు అంటించిన పెద్ద ఫొటోలకు 600 డి.పి.ఐ. (అంగుళానికి 600 చుక్కలు) సరిపోయింది. ఆరు–తొమ్మిది సెంటీమీటర్ల చిన్న ప్రింట్లను 1200లో చేశాను. 600లో అవి సుమారు 30 లక్షల పిక్సెళ్ళు ఇస్తే, 1200లో కోటి ఇరవై లక్షలు ఇస్తాయి, పూలజడ అద్దంలోని మనిషి వంటివి అక్కడే బయటపడతాయి. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు రూపంలో ఉంచి, బంధువులకు పంపడానికి చిన్న జేపెగ్ ఫైలు వేరుగా చేశాను. నలుపు–తెలుపు ఫొటోలను కూడా రంగుల్లోనే స్కాన్ చేయడం మంచిది. కాగితం పసుపుదనం, వెనుక సిరా రంగు కూడా ఆధారాలే. వెనుక భాగాన్ని కూడా తప్పక స్కాన్ చేయాలి. స్కానర్ తనంతట తాను మెరుగులు దిద్దే సౌకర్యాన్ని ఆపేశాను. పెట్టెలో బాగా పాడైనవి అన్నిటికంటే పాతవి కావు, డెబ్బైల, ఎనభైల కలర్ ఫొటోలు. వెండి రేణువులతో ఏర్పడిన నలుపు–తెలుపు చిత్రం నిలిచింది గాని, రంగు ఫొటోలోని అద్దకాల్లో నీలి–ఆకుపచ్చ ఛాయ ముందుగా వెలిసిపోయి, మా అక్క పెళ్ళి మొత్తం కుంకుమ రంగులోకి మారిపోయింది.

రంగులు వేయించే ముచ్చట కూడా చెప్పాలి. మా బంధువొకరు ముచ్చటపడి నాయనమ్మ తాతయ్యల పెళ్ళినాటి ఫొటోను ఒక దుకాణానికి ఇచ్చి కంప్యూటరు చేత రంగులు వేయించారు. నాయనమ్మ ఒంటి రంగు తెల్లబడింది, చెంప మీది పుట్టుమచ్చ మరక అనుకొని తీసేశారు, చీర ముదురు నీలం అయింది. అది మామిడిపండు రంగు చీర, ఎర్రంచు అని మేనత్తలిద్దరూ ఏకకంఠంతో చెప్పారు; ఆ చీర ముక్క ఇంకా పెద్దమేనత్త బీరువాలో ఉంది. పాత గాజు ప్లేట్లకు, ఫిల్ములకు ఎరుపు రంగు దాదాపు కనిపించదు, పసుపు కూడా కొంత ముదురుగానే పడుతుంది, నీలం లేతగా పడుతుంది. కుంకుమబొట్టు కాటుకబొట్టులా నల్లగా ఉండటానికి కారణం అదే. ఆ నలుపును చూసి యంత్రం రంగు ఊహిస్తే చీర నీలం కావడంలో ఆశ్చర్యం లేదు. రంగులు వేయించడం తప్పని నేననను, కాని అసలు ఫొటోకు బదులు అది పటం కట్టించుకుంటే రెండు తరాల తరువాత నాయనమ్మకు నీలంచీరే ఖాయమవుతుంది. మా ఇంట్లో చీర రంగు రాసిన చీటీని అసలు ఫొటోతో కలిపి ఉంచాం.

పేర్లు రాయడానికి బాల్‌పెన్ను వాడలేదు. దాని గాడి ముందు వైపు ముఖం మీద తేలుతుంది. మెత్తని 2బి పెన్సిలుతో, ఫొటోను గట్టి బల్ల మీద బోర్లించి, అంచున తేలికగా రాశాను. కలర్ ఫొటోల వెనుక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిలు పట్టదు. వాటికి కవరు మీదనే రాయాలి. ఫొటోలు అంటించుకునే జిగురు పేజీల ఆల్బములను, పీవీసీ కవర్లను పక్కన పెట్టి, ఆమ్లం లేని కాగితపు కవర్లు కొని, ఒక్కొక్కటి ఒక్కొక్క కవరులో పెట్టాను. ఖర్చు కొంత అయింది. అటక మీద వేడి, కింద గది నేల మీద తేమ, రెండూ పనికిరావు కాబట్టి పెట్టె ఇప్పుడు పడకగది బీరువా నడిమి అరలో ఉంది. డిజిటల్ ప్రతులు రెండు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి హైదరాబాదులోని మా తమ్ముడి దగ్గర ఉంది.

ఎవరూ గుర్తుపట్టలేని ఫొటోలు అరవై దాకా మిగిలాయి. వాటిని పారేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. కుటుంబంలో చాలామందికి వాట్సాప్‌లో పంపితే కొన్నిటికి పేర్లు దొరికాయి. 1942 వేసవిలో జపానువారు దాడి చేస్తారన్న భయంతో మద్రాసు ఖాళీ అయినప్పుడు నెల్లూరు దగ్గర పల్లెలో తలదాచుకున్న ఇంటివారి ఫొటో అందులో ఒకటని అలాగే తెలిసింది. మిగిలిన వాటికి సంఖ్యలు వేసి, ప్రింట్లు పెద్దవి తీయించి, ఒక కట్ట కట్టాను. కర్నూలులో చిన్నతాత కోడలు ఉన్నారు, ఆవిడకు తొంభై దగ్గర పడుతోంది, ఫోనులో సరిగ్గా వినిపించదు. సంక్రాంతి వరకు ఆగుదామనుకున్నాను గాని, దసరా సెలవులకే టికెట్లు తీసుకున్నాం. పెద్దమేనత్త కూడా వస్తానంటున్నారు.